సామాన్యునికి తగిన డిజిటల్ కెమెరా: ఒక పరిశీలన

కెమెరాలను గురించి తెలుగు ఉపన్యాసకుడు వ్యాసం వ్రాయడమేమిటని పాఠకులలో కొందరికి సందేహం కలుగవచ్చును. ఇందుకు కారణం ఒక విద్యార్థి. కిందటి సంవత్సరం తెనాలి నుండి రేపల్లెకు పోయే రైలుబండిలో, డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి నా ప్రక్కన కూర్చుని, కొంతసేపు తటపటాయించి, "సార్, మా నాన్న నాకోసం ముప్పై వేలు కూడబెట్టారు. ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగినాడు. ఆ తండ్రి కుట్టుమిషను మీద ఆధారపడి కుటుంబాన్ని నెట్టుకొని వస్తున్న మనిషి. ముప్పై వేల రూపాయలంటే ఎన్ని చొక్కాల కుట్టుకూలియో మనసులో లెక్క వేసికొన్నప్పుడు, నోటికి వచ్చిన పేరేదో చెప్పి పంపడానికి నాకు మనసొప్పలేదు. "ఆలోచించి చెబుతాను బాబూ" అన్నాను. ఆ ఆలోచన ఫలితమే ఈ వ్యాసం.

పెండ్లిండ్లలో ఫొటోలు తీసి నాలుగు రూపాయలు సంపాదించవలెనని, లేదా ఊరినీ ఇంటినీ చిత్రాలలో నిలుపుకొనవలెనని ఆశపడే విద్యార్థులు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. వారందరికీ ఉన్న చిక్కు ఒక్కటే: సొమ్ము స్వల్పం, అంగడిలో వినిపించే అంకెలు అనంతం. ఆ అంకెలలో దేనికి విలువ ఇవ్వవలెనో, దేనిని ప్రక్కకు పెట్టవలెనో తెలుపడమే ఇక్కడ నా ఉద్దేశం.

మాటలో ఉన్న మర్మం

ముందుగా మాటను పరిశీలింతము. ఫొటోను మనం ఛాయాచిత్రమంటున్నాము. ఛాయ అనగా నీడ మాత్రమే కాదు. కాంతి, ప్రతిబింబం, వన్నె అనే అర్థాలు కూడా దానికున్నవి. ఉర్దూలో ఛాయాగ్రహణ విద్యను 'అక్కాసీ' అంటారు. 'అక్స్' అనగా ప్రతిబింబం. రెండు భాషలూ ఈ విద్యకు యంత్రం పేరు పెట్టలేదు. వెలుగు పేరు పెట్టినవి. ఈ ఒక్క సంగతిని మరువకుంటే కెమెరా ఎంపికలో సగం పొరపాట్లు తప్పిపోవును.

'కెమెరా' అనే మాటకు లాటిను భాషలో గది అని అర్థం. చీకటి గదిలోనికి చిన్న రంధ్రం గుండా వెలుగును రానిచ్చి, అది ఎట్లు ప్రవర్తించునో పరీక్షించినవారిలో అగ్రగణ్యుడు ఇబ్నుల్ హైసమ్. 965లో బస్రా నగరంలో జన్మించి, కైరోలో జీవితం గడిపిన ఈ శాస్త్రజ్ఞుడు 'కితాబుల్ మనాజిర్' అనే దృష్టిశాస్త్ర గ్రంథాన్ని రచించినాడు. రంధ్రానికి ఎదురుగా కొన్ని దీపాలను వేరువేరు చోట్ల ఉంచితే, లోపలి గోడమీద ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క వెలుగుమచ్చ ఏర్పడుతుందనీ, ఒక దీపాన్ని మూసివేస్తే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుందనీ ఆయన నిరూపించినాడు. అనగా కిరణాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా, దేని దారిన అది సూటిగా పయనిస్తున్నవన్నమాట. నేటి కెమెరా కూడా ఆ చీకటి గదియే. గోడకు బదులు సెన్సారు, రంధ్రానికి బదులు లెన్సు వచ్చినవి.

మన ప్రాంతీయులకు ఈ విద్య కొత్త కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, బరువైన గాజుపలకల మీద చిత్రాలు తీసినాడు. అది ప్రభువులకు అందుబాటులో ఉన్న వైభవం. ఆ వైభవం సామాన్యుని వైపు నడిచి రావడానికి చాలాకాలం పట్టినది. 1975లో అమెరికాలోని కోడక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరాను తయారుచేసినాడు. దాని చిత్రంలో ఉన్నవి పదివేల చుక్కలు మాత్రమే. ఒక్క బొమ్మను టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. 2003లో కానన్ సంస్థ ఈఓఎస్ 300డి అనే డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాను అమెరికాలో వెయ్యి డాలర్ల లోపు ధరకు విడుదల చేసినప్పటినుండి ఈ తరగతి యంత్రాలు మధ్యతరగతి ఇండ్లలోనికి ప్రవేశించసాగినవి.

ఎస్.ఎల్.ఆర్. అనగా నేమి?

ఎస్.ఎల్.ఆర్. అనగా సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. లెన్సు గుండా వచ్చిన వెలుగు, లోపల 45 డిగ్రీల వాలున అమర్చిన అద్దం మీద పడి పైకి మళ్ళుతుంది. అక్కడ అద్దాల మడతలలో తిరిగి, నిలువుబొమ్మగా మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకుంటుంది, వెలుగు సెన్సారు మీద పడుతుంది. అనగా బొమ్మ ఏ లెన్సు గుండా నమోదగునో, ఆ లెన్సు గుండానే మన కన్ను చూస్తున్నది. లెన్సును విప్పి మరొక లెన్సును బిగించుకొనవచ్చును. ఈ రెండే దాని ప్రధాన లక్షణాలు.

సెల్‌ఫోను ఉండగా ఇది ఎందుకని అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. పట్టపగలు, ఆరుబయట, కదలకుండా నిలబడిన మనుషులను తీయడానికి నేటి సెల్‌ఫోను చాలును. తేడా వెలుగు తగ్గినప్పుడూ, మనిషి కదిలినప్పుడూ, వస్తువు దూరమైనప్పుడూ తెలుస్తుంది. తక్కువ ధర ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో ఉండే ఏ.పి.ఎస్.-సి. అనే సెన్సారు, నికాన్‌లో సుమారు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కానన్‌లో ఇంతకంటే కొద్దిగా చిన్నది. సెల్‌ఫోను సెన్సారుతో పోల్చితే ఇది ఎన్నో రెట్లు పెద్దది. వాననీటికి గిన్నె పెట్టినదానికీ, గంగాళం పెట్టినదానికీ ఉన్నంత భేదం ఇక్కడ ఉన్నది. ఫుల్ ఫ్రేమ్ అనబడే 36 × 24 మిల్లీమీటర్ల సెన్సారు ఇంకను పెద్దది. కాని దాని ధరయు, దానికి తగిన లెన్సుల ధరయు విద్యార్థికి అందనివి. నిత్యజీవిత చిత్రాలకు ఏ.పి.ఎస్.-సి. చాలును.

మెగాపిక్సెల్ మోజు

అంగడిలో మొదట వినిపించే అంకె మెగాపిక్సెల్. ఒక మెగాపిక్సెల్ అనగా పది లక్షల చుక్కలు. ఈ అంకె పెరిగినకొద్దీ చిత్రం అందంగా వస్తుందని చాలామంది విశ్వాసం. లెక్క వేసి చూతము.

ఏ4 కాగితమంత ముఖచిత్రాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా అచ్చువేయవలెనంటే, ఒక ప్రక్క సుమారు 2480, మరొక ప్రక్క సుమారు 3510 చుక్కలు కావలెను. రెండింటినీ గుణిస్తే సుమారు 87 లక్షలు, అనగా తొమ్మిది మెగాపిక్సెల్‌లకు లోపే. 2018లో వచ్చిన కానన్ 3000డిలో 18, అదే సంవత్సరం వచ్చిన కానన్ 1500డిలోనూ నికాన్ డి3500లోనూ 24 మెగాపిక్సెల్‌లు ఉన్నవి. మన అవసరానికి అన్నీ మించినవే. పైగా 18 నుండి 24కు పోయినప్పుడు బొమ్మ ప్రక్కకొలతలో పెరిగేది నూటికి పదిహేను పాళ్ళు మాత్రమే. ఆ పదిహేను పాళ్ళ కోసం వేలకు వేలు అదనంగా పోయనవసరం లేదు. ఇంటర్‌నెట్‌లో మిత్రులకు పంపే చిత్రానికైతే ఈ లెక్కయే అనవసరం.

అసలు విషయం లెన్సు

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి విన్నవించుకొంటాను.

విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ముగించి, ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2014లో, నేను కూడా కంతుల మీద ఒక కెమెరా కొన్నాను. దుకాణంలో రెండు అంకెలు చెప్పినారు: ఒకటి మెగాపిక్సెల్, రెండవది జూమ్. ఆ రెండింటినీ చూచి మురిసి, రెండు జూమ్ లెన్సులున్న పెట్టెను ఇంటికి తెచ్చుకొన్నాను. వెలుగును గురించి వారు చెప్పలేదు. నేను అడుగనూ లేదు.

ఆ మరుసటి సంవత్సరం చలికాలంలో ఒకనాడు, దీపాలు పెట్టే వేళ, మా దాదీమా కిటికీ ప్రక్కన పాన్‌దాన్ ముందు పెట్టుకొని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నది. ముఖం మీద కిటికీ వెలుగు పడుతున్నది. కెమెరా తెచ్చి పదిహేను చిత్రాలు తీసినాను. కంటి ఆపరేషను అయిన మనిషి గనుక ఫ్లాష్ వేయలేదు. ఆమె నవ్వి, "ఎన్ని తీస్తావురా, వక్క అయిపోయింది" అన్నది. చిత్రాలు కంప్యూటరులో వేసి చూచుకొంటే ఒక్కటీ నిలువలేదు. చేతులు మసక, కళ్ళు మసక. మళ్ళీ తీయవచ్చునులే అనుకొన్నాను. 2016లో దాదీమా మమ్మల్ని విడిచి వెళ్ళినది. నేడు మా ఇంట్లో ఆమె ముఖం స్పష్టంగా ఉన్న చిత్రం ఓటరు కార్డు మీది చిత్రం ఒక్కటే.

ఏమి జరిగినదో నాకు తరువాత బోధపడినది. ఆ చిత్రాల వెనుక నమోదైన వివరాలు చూచినాను. లెన్సు 55 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్ 5.6 మీద ఉన్నది. షట్టరు సెకనులో పదవ వంతు కాలం తెరచి ఉన్నది. సెకనులో పదవ వంతులో అడకత్తెర పట్టిన చేయి కదులుతుంది, తల కదులుతుంది, కెమెరా పట్టిన నా చేయి కూడా కదులుతుంది.

ఎఫ్ అంకె అనగా లెన్సు నాభ్యంతరాన్ని దాని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. కాబట్టి అంకె చిన్నదైనకొద్దీ రంధ్రం పెద్దది. 50 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్ 5.6 అంటే రంధ్రపు వ్యాసం సుమారు 9 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 అంటే సుమారు 28 మిల్లీమీటర్లు. వ్యాసం మూడు రెట్లు పెరిగితే వైశాల్యం తొమ్మిది, పది రెట్లు పెరుగుతుంది. అనగా ఆనాడు నా చేతిలో ఎఫ్ 1.8 లెన్సు ఉన్నట్లయితే అదే గదిలో, అదే వెలుగులో, సెకనులో సుమారు నూరవ వంతులో చిత్రం ముగిసేది. దాదీమా చేతులు నిలిచేవి.

చేతిలో పట్టుకొని తీసేటప్పుడు పాటించవలసిన పాత సూత్రం ఒకటున్నది. లెన్సు నాభ్యంతరాన్ని ఒకటిన్నరతో హెచ్చించి, షట్టరు వేగం సెకనులో అన్నవ వంతుకు తగ్గకుండా చూచుకొనవలెను. 50 మిల్లీమీటర్ల లెన్సుకు సుమారు 75వ లేదా 80వ వంతు. వేగం చాలనప్పుడు ఐ.ఎస్.ఓ. అనే అంకెను పెంచవచ్చును. అది రెట్టింపైనప్పుడల్లా షట్టరు కాలం సగానికి తగ్గుతుంది. కాని ఆ అంకె మరీ పెరిగితే చిత్రంలో ఇసుక చల్లినట్లు గరుకు కనిపిస్తుంది. మసకబారిన చిత్రంకంటే గరుకు చిత్రం మేలని నాకు ఆనాడు తెలియదు.

ఈ ఎఫ్ 1.8 లెన్సు అపురూప వస్తువేమీ కాదు. కానన్‌లో 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8, నికాన్‌లో 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఆయా కంపెనీల చవక లెన్సులలో చేరినవే. వీటికి జూమ్ ఉండదు. దగ్గరికి పోవలెనంటే కాళ్ళతో నడిచి పోవలెను. అది కూడా ఒక చదువే. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనుకాడినట్లు, కెమెరాకు వేలు పోసి లెన్సు దగ్గర చేయి ముడుచుకోరాదని నా మనవి.

మూడు ఊళ్ళు, మూడు వెలుగులు

ఏ లెన్సు కావలెనో తెలియాలంటే మనం తిరిగే చోట వెలుగు ఎట్లున్నదో చూచుకొనవలెను. మన విద్యార్థులు ఎక్కువగా తిరిగే మూడు ఊళ్ళనే తీసికొందాము.

తెనాలిలో మన చిత్రాలు ఎక్కువభాగం కప్పుక్రింద పుట్టేవి: పెండ్లి మండపాలు, ఇండ్లు, దుకాణాలు, విగ్రహాలు చేసే శిల్పుల పనిచోట్లు. శిల్పి చేయి నిలువదు. పైకప్పు క్రింద వెలుగు చాలదు. ఇక్కడ ఎఫ్ 1.8 లెన్సుకు సాటి లేదు. తెనాలివాడైన చక్రపాణి భాగస్వామిగా విజయావారు నిర్మించిన 'మాయాబజార్' (1957) చిత్రంలో నౌకావిహారపు వెన్నెలను మనవారు నేటికీ తలచుకొంటారు. ఆ వెన్నెలను తెరమీద సృష్టించినవాడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. నేటి మన చౌక కెమెరాలో ఉన్న సౌకర్యాలలో చాలా భాగం ఆయనకు లేవు. వెలుగును ఎరిగి ఉండడమే ఆయనకున్న సౌకర్యం.

బాపట్లకు పోతే పరిస్థితి వేరు. సూర్యలంక తీరాన ఆకాశమూ, నీరూ, ఇసుకా మూడూ వెలుగును విరజిమ్ముతవి. వరిపొలాలలోనూ అంతే. అక్కడ ఎఫ్ 5.6 లెన్సు చక్కగా పనిచేస్తుంది. కెమెరాతో పాటు వచ్చే 18–55 మిల్లీమీటర్ల మామూలు లెన్సును కొందరు చులకన చేస్తారు. తీరంలోనూ పొలంలోనూ అది మంచి సేవకుడు. అక్కడ జాగ్రత్త పడవలసినది ఉప్పుగాలి విషయంలో. ఇసుక ఎగిరే చోట లెన్సు విప్పరాదు. ఇంటికి రాగానే కొద్దిగా తడిపి పిండిన మెత్తని బట్టతో కెమెరా పైభాగాన్ని తుడిచి, ఆరనివ్వవలెను.

రేపల్లె దారి మూడవ పాఠం నేర్పుతుంది. రైలుమార్గంలోనే భట్టిప్రోలు ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకాలలో బ్రాహ్మీ లిపి చెక్కిన ధాతుపేటికలు బయల్పడిన స్థలమది. మిట్టమధ్యాహ్నం చూస్తే ఆ స్తూపశిథిలం చదునైన ఇటుకదిబ్బవలె కనిపిస్తుంది. ఉదయపు ఏటవాలు వెలుగులో ఒక్కొక్క వరుస అంచు లేచి నిలుస్తుంది. ఇక్కడ మారవలసినది కెమెరా కాదు, మనం పోయే వేళ. ఇంకా దిగువన నిజాంపట్నం రేవు, మడ అడవులు, పక్షులు. పక్షిని తీయవలెనంటే 250 లేదా 300 మిల్లీమీటర్ల దాకా పోయే దూరపు లెన్సు కావలెను. పక్షులే ధ్యేయమైనవారు మాత్రమే దానిని కొనవలెను. నా దూరపు లెన్సు పదేండ్లలో పదిసార్లు కూడా బయటికి రాలేదు.

కొత్తదా, పాతదా?

ఇక కాలమహిమను గూర్చి నిజం చెప్పవలసియున్నది. ఎస్.ఎల్.ఆర్. యుగం వాలుముఖం పట్టినది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలవైపు పెద్ద కంపెనీలు మరలిపోయినవి. 2020లో వచ్చిన ఈఓఎస్ 1డి ఎక్స్ మార్క్ 3 తన చివరి అగ్రశ్రేణి ఎస్.ఎల్.ఆర్. కాగలదని కానన్ సంస్థ 2021లో తెలియజేసినది. నికాన్ డి3500 తయారీ కూడా నిలిచిపోయినది.

ఈ వార్త విని నిరాశ పడనక్కరలేదు. కలవారు కొత్తవాటికి మారినకొద్దీ, వారి ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు, లెన్సులు పాతసరుకుగా తక్కువ ధరకు దొరుకుతున్నవి. వెలుగును పట్టే సామర్థ్యం యంత్రానికి వయస్సుతో పాటు హఠాత్తుగా నశించదు. బ్యాటరీ విషయంలో అద్దమున్నదే మేలు: నికాన్ డి3500 ఒక్కసారి చార్జి చేస్తే 1550 చిత్రాల దాకా తీయగలదని కంపెనీవారి పరీక్షాఫలితం. మిర్రర్‌లెస్‌లలో చాలావాటికి ఇందులో సగం కూడా రాదు. అయితే వీడియోయే ప్రధానమనుకొనేవారు, ముందుముందు ఇదే వృత్తిగా పెద్ద పెట్టుబడి పెట్టదలచినవారు మిర్రర్‌లెస్ వైపే చూడడం మంచిది. నేర్చుకొనేవానికి, ఇంటి చిత్రాలు తీసికొనేవానికి మంచి స్థితిలో ఉన్న పాత ఎస్.ఎల్.ఆర్. చాలును.

పాతది కొనేటప్పుడు ఈ క్రింది పరీక్షలు తప్పనిసరి.

మొదటిది, షట్టరు లెక్క. షట్టరు యంత్రభాగం గనుక అరుగుతుంది. ఈ తరగతి కెమెరాలలో దాని ఆయుస్సును లక్ష చిత్రాల ప్రాంతమని ఎంచడం పరిపాటి. ఇప్పటికి ఎన్ని తీసినదో కొన్ని కెమెరాలలో ఫొటో ఫైలులోనే తెలుస్తుంది. మరికొన్నింటికి వేరే సాఫ్ట్‌వేరు కావలెను. పెండ్లిండ్ల ఫొటోగ్రాఫరు వాడినదానికంటే ఇంట్లో వాడినది సాధారణంగా తక్కువ అరిగి ఉంటుంది.

రెండవది, సెన్సారు శుభ్రత. ఎఫ్ 16 మీద ఉంచి తెల్లని గోడను గాని, మబ్బులేని ఆకాశాన్ని గాని తీసి, పెద్దది చేసి చూస్తే దుమ్ము నల్లని మచ్చలుగా కనిపిస్తుంది. మచ్చలు శుభ్రం చేయించవచ్చును; గీతలు పోవు.

మూడవది, లెన్సులోని బూజు. మన తీరప్రాంతపు చెమ్మగాలికి లెన్సు అద్దాల మధ్య బూజు పట్టడం సహజం. లెన్సును వెలుగువైపు ఎత్తి చూస్తే సాలెగూడు దారాలవలె కనిపిస్తుంది. అట్టి లెన్సు ఎంత చవకైనా వద్దు. కొన్న తరువాత కూడా గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ సంచులతో ఉంచవలెను. బీరువాలో తోలుసంచిలో దాచితే బూజును పెంచినట్లే.

నాలుగవది, జత కుదరడం. నికాన్ డి3000, డి5000 వరుసల కెమెరాలలో ఫోకస్ మోటారు ఉండదు. పాత తరహా లెన్సు బిగిస్తే ఫోకస్‌ను చేతితో త్రిప్పుకొనవలెను. అందుచేత వాటికి మోటారు తనలోనే ఉన్న ఏ.ఎఫ్.-ఎస్. లెన్సు కావలెను. కానన్‌లో ఏ.పి.ఎస్.-సి. ఎస్.ఎల్.ఆర్.లకు ఈ.ఎఫ్., ఈ.ఎఫ్.-ఎస్. లెన్సులు రెండూ సరిపోతవి. ఏ కంపెనీ గొప్పదనే వాదం వ్యర్థం. దగ్గరలో స్నేహితుని వద్ద ఏ కంపెనీ లెన్సులున్నవో దానినే కొనండి, ఇచ్చిపుచ్చుకోవడానికి వీలుంటుంది.

ఐదవది, కాగితాలు. బిల్లు మీది వరుససంఖ్యా, కెమెరా అడుగున ఉన్న సంఖ్యా ఒకటిగా ఉండవలెను. లేనిచో చవక బేరం పోలీసు స్టేషనుకు దారి తీయవచ్చును.

సొమ్ము పంపకం

ధరలు నెలనెలకు మారేవి గనుక పాళ్ళు చెప్పడమే మేలు. ఉన్న సొమ్మును నాలుగు పాళ్ళు చేసి, రెండు పాళ్ళు కెమెరాకు, ఒక పాలు లెన్సుకు, మిగిలిన పాలు మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, సంచి, సిలికాజెల్, రేపటి మరమ్మతు వీటికి ఉంచుకొనవలెను. కంతులు కట్టవలసిన కెమెరా కొనరాదు. అప్పుతో కొన్న యంత్రం చేతిలో ఉన్నంతసేపూ గుండె వేగమే తప్ప షట్టరు వేగం గుర్తుండదు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

రైలులో నన్ను అడిగిన అబ్బాయికి కూడా వారం రోజుల తరువాత ఇదే చెప్పినాను. "ముందు ఒక నెల నీ సెల్‌ఫోనుతోనే రోజుకు పది ఫొటోలు తియ్యి. చెడిపోయిన ప్రతి ఫొటో ప్రక్కన ఎందుకు చెడినదో పుస్తకంలో వ్రాయి. చీకటివల్లనా, కదలికవల్లనా, దూరంవల్లనా అని మూడు గడులు పెట్టుకో" అన్నాను. నెల తరువాత అతడు పుస్తకం తెచ్చినాడు. చీకటి గడి నిండిపోయినది. దూరం గడిలో నాలుగైదు గీతలు మాత్రమే ఉన్నవి. ఏ లెన్సు కొనవలెనో ఆ పుస్తకమే చెప్పినది. ఒకరు వాడిన 18 మెగాపిక్సెల్ కెమెరాను, ఎఫ్ 1.8 లెన్సును కొని, మిగిలిన డబ్బు తండ్రి చేతిలో పెట్టినాడు. అతడు నాకు చూపిన మొదటి చిత్రం రాత్రివేళ ట్యూబులైటు క్రింద మిషను కుడుతున్న తండ్రిది. సూదిలో దారం కూడా కనిపిస్తున్నది. దానిని చూచి కొంతసేపు నేను మాట్లాడలేకపోయినాను. "బాగుందా సార్?" అని అతడు రెండుసార్లు అడుగవలసి వచ్చినది.

ఒక మనవి

చివరగా కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. ముప్పై వేలు కూడబెట్టగల తండ్రి అందరికీ ఉండడు. గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు ఒక పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాను, మామూలు లెన్సు ఒకటి, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొని ఉంచి, పుస్తకాలవలెనే పేరు వ్రాసికొని రెండు రోజులకు విద్యార్థులకు ఇచ్చే ఏర్పాటు చేయవలసినదిగా ప్రార్థిస్తున్నాను. పరీక్ష చేసి తెచ్చే బాధ్యత, వాడకం నేర్పే బాధ్యత నేను వహించగలను. వచ్చే సంవత్సరపు సంచికలో చిత్రాలన్నీ మన విద్యార్థులు తీసినవే కావచ్చును.

విద్యార్థి మిత్రులకు నేను చెప్పేది కూడా ఇంతే. అంకెలను చూచి భ్రమపడవద్దు. మీ ఇంట్లో, మీ ఊళ్ళో వెలుగు ఎంత ఉన్నదో చూచుకొని, దానికి తగినదానిని కొనండి. కొనేవరకు సెల్‌ఫోనుతోనే సాధన చేయండి. మరి ఈ సంచిక చదివి ముగించిన నాడే, ఇంట్లో పెద్దవారిని కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, ముఖం మీద వెలుగు పడేటట్లు ఒక చిత్రం తీసి, అది స్పష్టంగా వచ్చినదో లేదో వెంటనే పెద్దది చేసి చూచుకొనండి. రాకపోతే ఆ సాయంత్రమే మళ్ళీ తీయండి.